కన్‌స్ట్రక్షన్ లాలో పీజీ ఎలా చేయాలి? గోదావరి జిల్లాల ఇంజనీర్లకూ లాయర్లకూ

గోదావరి డెల్టాలో కాలువ పని చేసిన కాంట్రాక్టరు ఎవరినైనా అడగండి. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, సార్వాకి మళ్లీ నీళ్లు వదులుతారు. లైనింగైనా, లాకు మరమ్మతైనా, వంతెన పునాదైనా ఆ మధ్యలోనే పూర్తి కావాలి. సైటు అప్పగించడం ఇరవై రోజులు ఆలస్యమైతే ఒక్కోసారి సీజను మొత్తం పోతుంది. అప్పుడు గడువు ఎన్ని రోజులు పొడిగించాలి? మిషన్లు ఖాళీగా పడి ఉన్న నష్టం, పెరిగిన ఇనుము ధర ఎవరు భరించాలి? ఆ సంగతి కాంట్రాక్టరు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారికి ఎప్పటిలోగా రాసి ఉండాలి? కన్‌స్ట్రక్షన్ లా అంటే చాలావరకు ఇవే ప్రశ్నలు. దీన్ని పీజీ స్థాయిలో చదవాలనుకునేవాళ్లు ఏ వరసలో ముందుకెళ్లాలో చూద్దాం.

1. మీ డిగ్రీ ఏ దారికి పనికొస్తుందో చూసుకోండి

బీటెక్ సివిల్ చేసినవాళ్లు మన దేశంలో నేరుగా ఎల్‌ఎల్‌ఎం చేయలేరు. దానికి ఎల్‌ఎల్‌బీ ఉండాలి. ఏదైనా డిగ్రీలో జనరల్ కేటగిరీకి 45 శాతం మార్కులుంటే లాసెట్ (రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. కానీ అది రెగ్యులర్‌గా చదవాల్సిన కోర్సు. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో అడ్వొకేటుగా నమోదు కాలేరు. ఉద్యోగం మానలేనివాళ్లకు అసలు చిక్కు ఇక్కడే.

ఎల్‌ఎల్‌బీ ఉన్నవాళ్లకు ఎల్‌ఎల్‌ఎం కోసం రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఎల్‌సెట్ ఉంది, జాతీయ లా యూనివర్సిటీల కోసం డిసెంబరులో జరిగే క్లాట్ పీజీ ఉంది. హైదరాబాదు నల్సార్‌కీ, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకీ క్లాట్ దారి. మన దగ్గర కన్‌స్ట్రక్షన్ లా పేరుతోనే ఉన్న ఎల్‌ఎల్‌ఎం అరుదు. బిజినెస్ లా లాంటి గ్రూపు తీసుకుని, డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం) మాత్రం నిర్మాణ వివాదాల మీద రాయడమే వాడుక.

విదేశాల్లో కథ వేరు. అక్కడ కొన్ని యూనివర్సిటీలు ఈ సబ్జెక్టులో ఇంజనీర్లనూ లాయర్లనూ ఒకే క్లాసులో కూర్చోబెడతాయి. కాకపోతే ఎమ్మెస్సీ చేసినంత మాత్రాన మన కోర్టులో వాదించే హక్కు రాదు. ఎల్‌ఎల్‌బీ లేని ఇంజనీరు కాంట్రాక్ట్స్ మేనేజర్ కావచ్చు, క్లెయిమ్స్ తయారు చేయవచ్చు, నిపుణుడిగా సాక్ష్యం చెప్పవచ్చు, ఆర్బిట్రేటరుగా (కోర్టు బయట తగువు తీర్చే మధ్యవర్తిగా) కూడా కూర్చోవచ్చు. నల్లకోటు మాత్రం వేసుకోలేడు. మీకు కావాల్సింది ఏదో ఇప్పుడే తేల్చుకుంటే మూడేళ్లు మిగులుతాయి.

2. దరఖాస్తు కంటే ముందు ఒక ఫైలు చదవండి

నా మట్టుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా ఫీజు లెక్కల్లో పడతారు. తెలిసిన కాంట్రాక్టరు దగ్గర పూర్తయిన పని ఫైలు ఒకటి అడిగి తీసుకోండి. టెండరు నోటీసు, అగ్రిమెంటు, సైటు అప్పగించిన తేదీ, ఉత్తరాలు, ఎం బుక్ (మెజర్‌మెంట్ బుక్) కొలతలు, బిల్లులు, గడువు పొడిగింపు ప్రతిపాదనలు అన్నీ అందులో ఉండాలి. వాటిని తేదీల వరసలో ఒక కాగితం మీదికి ఎక్కించండి. పక్కన 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం పెట్టుకుని నాలుగు సెక్షన్లు చదవండి: 55, 70, 73, 74.

55వ సెక్షన్ చివరి పేరా డెల్టా కాంట్రాక్టర్లకు బాగా పనికొచ్చేది. అవతలివాళ్లు ఆలస్యంగా చేసినదాన్ని మీరు ఒప్పుకుంటూ, ఆ సమయంలోనే ‘నష్టపరిహారం అడుగుతాను’ అని నోటీసు ఇవ్వకపోతే, తర్వాత ఆ ఆలస్యానికి పరిహారం అడగలేరు. సైటు ఆలస్యంగా ఇచ్చారు, కాంట్రాక్టరు నోరెత్తకుండా తీసుకుని గడువు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాడు. రెండేళ్ల తర్వాత క్లెయిమ్ వేస్తే అవతలి లాయరు మొట్టమొదట చూపించేది ఆ కాగితమే. ‘ఈఈ గారితో మొహమాటం, ఉత్తరం ఏం రాస్తాం’ అనుకునే అలవాటు మన వైపు ఉన్నదే. కోర్టులో మొహమాటానికి విలువ లేదు.

70వ సెక్షన్ అదనపు పనికి దిక్కు. అగ్రిమెంటులో లేని పని ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసి, అవతలివాళ్లు దాని లాభం పొందితే డబ్బు ఇవ్వాల్సిందే అంటుంది. 73 మామూలు నష్టపరిహారం. 74 ముందే రాసుకున్న జరిమానా మొత్తాల సంగతి. ఆ మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే వస్తుంది. సుప్రీంకోర్టు 2015లో కైలాష్ నాథ్ కేసులో దీన్ని వివరంగా చెప్పింది.

తర్వాత వరదతో ఒక అభ్యాసం చేయండి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఆగస్టులో గోదావరికి వరద వస్తుందని డెల్టాలో చంటిపిల్లాడికీ తెలుసు. అలాంటప్పుడు మొదటి హెచ్చరిక దాటగానే అది ‘ఊహించని విపత్తు’ అవుతుందా? 1986 ఆగస్టులో వచ్చినంత వరదైతే? గీత ఎక్కడ గీయాలో మీ చేతిలోని అగ్రిమెంటు మాటలను బట్టి రెండు పేజీలు రాయండి. రాస్తుంటే ఆసక్తి పెరిగితే ఈ చదువు మీకు పడుతుంది. విసుగొస్తే ఫీజు మిగిలింది.

3. తీర్పులు చదవడం, బార్ చార్టు చదవడం

ఇంజనీర్లకు తీర్పులు కొరుకుడు పడవు, లాయర్లకు క్రిటికల్ పాత్ (ఏది ఆలస్యమైనా మొత్తం గడువే వెనక్కి జరిగే పనుల వరస) అర్థం కాదు. ఎవరికి లేనిది వాళ్లు ముందే నేర్చుకోవాలి. లాయరైతే ప్రైమవేరా గానీ ఎంఎస్ ప్రాజెక్ట్ గానీ నేర్చుకుని చిన్న కల్వర్టుకైనా షెడ్యూలు వేసి చూడండి. ఇంజనీరైతే సుప్రీంకోర్టు తీర్పులు ఉచితంగా దొరికే ఈ-ఎస్‌సీఆర్‌లో మొదలుపెట్టండి. ఓఎన్‌జీసీ వర్సెస్ సా పైప్స్, 2003. పని ఆలస్యమైన కాలానికి హెడ్డాఫీసు ఖర్చుల్నీ లాభాన్నీ హడ్సన్ ఫార్ములాతో లెక్కగట్టడం గురించి మెక్‌డర్మాట్ కేసు, 2006. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఒక పక్షమే ఆర్బిట్రేటరును నియమించే నిబంధన చెల్లదన్న 2024 నవంబరు నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పు. ఈ మూడూ చాలు.

4. కోర్సు ఎంచుకోవడం

లండన్‌లోని కింగ్స్ కాలేజీలో కన్‌స్ట్రక్షన్ లా ఎమ్మెస్సీ 1987 నుంచి ఉంది. ఈ సబ్జెక్టుకు పేరు తెచ్చిన కోర్సు అదే. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో ప్రత్యేక మాస్టర్స్ ఉంది. స్కాట్లాండ్‌లోని రాబర్ట్ గోర్డన్ లాంటివి ఆన్‌లైన్‌లోనూ చెబుతున్నాయి. కాలేజీ పేరు కంటే ముందు అక్కడ ఏ దేశపు చట్టం బోధిస్తారో చూడండి. ఇంగ్లండులో 1996 చట్టం ప్రకారం 28 రోజుల్లో తగువు తేల్చే అడ్జుడికేషన్ చుట్టూ సగం చదువు తిరుగుతుంది. మన దగ్గర అలాంటి చట్టమే లేదు. మన ఆర్బిట్రేషన్ చట్టం కూడా 1996దే, దారి మాత్రం వేరు.

ఫిడిక్ (అంతర్జాతీయ ఇంజనీర్ల సమాఖ్య) తయారు చేసిన నమూనా కాంట్రాక్టులు ఎక్కడ చదివినా పనికొస్తాయి. కోనసీమ నుంచి గల్ఫ్ సైట్లకు వెళ్లే ఇంజనీర్లకు మరీను. 1999 ఎడిషన్‌లో కాంట్రాక్టరు 28 రోజుల్లో నోటీసు ఇవ్వకపోతే క్లెయిమ్ పోతుంది. అదే నిబంధన ఇక్కడ వాడితే కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ (హక్కును అమలు చేసుకునే దారి మూసే నిబంధనలు చెల్లవనేది) అడ్డొస్తుందా అనేది మంచి చర్చ.

గల్ఫ్‌లోనో లండన్‌లోనో పనిచేయాలనుకుంటే విదేశీ కోర్సుకు ఖర్చు పెట్టండి. రాజమహేంద్రవరం, భీమవరం, కాకినాడల్లోనే ప్రాక్టీసు అనుకుంటే ఇక్కడి ఎల్‌ఎల్‌బీ చాలు, దాని మీద నల్సార్ దూరవిద్యలో ఇచ్చే ప్రత్యామ్నాయ వివాద పరిష్కార డిప్లొమా చేయండి. అప్పు చేసి లండన్ వెళ్లొచ్చి ఇక్కడ చిన్న బిల్లుల కేసులు వేసుకోవడం నాకు గిట్టుబాటుగా అనిపించదు. లెక్చరర్ ఉద్యోగం కోసం ఆన్‌లైన్ ఎల్‌ఎల్‌ఎం అనుకునేవాళ్లు బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగాలి.

5. దరఖాస్తు

‘చిన్నప్పటి నుంచీ చట్టమంటే ఇష్టం’ అని రాయకండి. పైన చదివిన ఫైలులోని ఒక తగువు రాయండి, పేర్లు తీసేసి. సిఫార్సు లేఖ మీ పైన ఉండి మీ కాగితం పని చూసిన ఇంజనీరు ఇస్తే ప్రొఫెసర్ లేఖకు తీసిపోదు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి, చదివాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి.

6. డిసర్టేషన్‌ను డెల్టాలోంచే తీసుకోండి

విదేశంలో చదివినా సరుకు ఇక్కడిదైతే మీ వ్యాసం వేరుగా కనిపిస్తుంది. కాలువల మూసివేత, గడువు పొడిగింపు ఒక అంశం. 2019లో ఇసుక దొరక్క ఆగిపోయిన పనులు ఇంకొకటి: అది విపత్తా, కాంట్రాక్టరు భరించాల్సిన రిస్కా? రొయ్యల చెరువులు పూడ్చి వేసిన లేఅవుట్లలో కట్టే అపార్టుమెంట్ల గోడలు బీటలిస్తే, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం నిర్మాణ లోపాలకు అయిదేళ్ల బాధ్యత ఎవరిది, ఎంతవరకు? పోలవరంలో వరదకు దెబ్బతిన్న డయాఫ్రం వాల్ (డ్యామ్ కింద నీరు ఊరకుండా నేలలోకి దించిన గోడ) అందరికీ తట్టే టాపిక్కే గానీ, రాజకీయం కలిసిపోయి సాక్ష్యాలు విడదీయడం కష్టం. తొలిసారి రాసేవాళ్లకు నేను చెప్పను.

ఏ అంశమైనా రికార్డుల కోసం ఆర్టీఐ దరఖాస్తు పెట్టాల్సి వస్తుంది. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. అప్పీలుకు వెళ్తే ఇంకా నెలలు పడుతుంది. టాపిక్ ఖాయమైన వారంలోనే దరఖాస్తు పోస్టు చేసి, రసీదు ఫైల్లో పెట్టుకోండి.