గండికోటకు ఫిల్మ్ కెమెరా తీసుకెళ్తున్నారా?
కొడాక్ గోల్డ్ 200 లాంటి కలర్ రీల్ వేస్తే ఐఎస్ఓ (ఫిల్మ్ వెలుతురును పట్టే వేగం) డయల్ 200కు బదులు 100 మీద పెట్టండి. ఇలాంటి నెగటివ్ ఫిల్మ్‌కు వెలుతురు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువైతేనే నీడలు మసకబారి గరుకుగా వస్తాయి. పెన్నా లోయలో సాయంత్రం ఒక గోడ ఎర్రగా వెలుగుతుంటే ఎదురుది చీకటిగా ఉంటుంది. వెలుతురు కొలిచే మీటర్‌ను ఆకాశం వైపు కాకుండా రాళ్ల వైపు తిప్పి చూడండి. మీటర్ పనిచేయని పాత కెమెరా అయితే మంచి ఎండలో అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11, షట్టర్ సెకనులో 250వ వంతు పెడితే చాలు. ల్యాబ్‌వాళ్లకు ఇవేమీ చెప్పక్కర్లేదు, మామూలుగానే కడగమనండి.

అన్నట్టు, కడప ఎండలు తెలిసినవే కదా, రీళ్లు కారులో వదిలేయకండి. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే మూత విప్పకుండా గంటసేపు బయట ఉంచండి, లేదంటే ఫిల్మ్ మీద చెమ్మ పడుతుంది.