ఆవకాయ మరక మీద ఐదు పూలు

మొన్న మే నెలలో మా పెద్దమ్మాయి మంగళగిరి నూలు చీర కట్టుకుని గుంటూరు వచ్చింది. మీగడ రంగు చీర, ఆకుపచ్చ నిజాం అంచు. నేను ఆవకాయ కలుపుతుంటే సాయం చేస్తానని పక్కన కూర్చుంది. గరిటె జారి కుచ్చిళ్ల మీద పడింది. పప్పునూనె మడత మీద మడత దిగింది. చీర విప్పి పరిస్తే మరక ఒకటి కాదు, ఐదు. మొదటిది రూపాయి బిళ్లంత. పోనుపోను చిన్నవై చివరిది మిరియపు గింజంత. "అమ్మా, ఇంక దీన్ని ఇంట్లో కట్టుకోవాల్సిందే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కట్టడం అది రెండోసారి.

బ్రాడీపేటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మరక పడ్డ బట్ట పట్టుకుని వచ్చేవాళ్లు నెలకు ఒకరిద్దరైనా ఉంటారు. పూర్తిగా పోని మరకను కుట్టుతో ఎలా దాచాలో వాళ్లకు చెప్పేదే ఇక్కడా చెబుతున్నాను.

దాచే ముందు మరకను పోయినంతవరకు పోగొట్టాలి. నూనె బట్టలోనే ఉండగా పైన ముక్క వేసి కుడితే, ఇస్త్రీ పెట్టె వేడికి ఆ నూనె పైముక్కలోకీ ఎక్కుతుంది. పడిన వెంటనే బియ్యప్పిండి చల్లి పావుగంట ఆగి దులపండి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, వేలితో మెల్లగా రుద్ది చన్నీళ్లతో జాడించండి. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడుతుంది. కంగారు పడకండి, హారతికి పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అయినట్టే ఇదీ. సబ్బు పోయేదాకా జాడించి ఎండలో ఆరేస్తే పసుపు పలచబడుతుంది. మిగిలిన మచ్చ మీద మాత్రం బ్లీచింగ్ వేయొద్దు. పోగు బలహీనపడితే రేపు మీరు వేసే కుట్టు దగ్గరే చిరుగుతుంది. పట్టుచీర అయితే ఇవేవీ చేయకుండా డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి.

ఇప్పుడు అసలు పని. మరక ఉన్నచోట ఒక్క పువ్వు కుట్టి వదిలేస్తే, చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. ఇక్కడేదో దాచారని ఆ పువ్వే చెప్పేస్తుంది. దానికి తోడు కావాలి. కాగితంతో పూలు కత్తిరించి మరకల మీద గుండుసూదులతో పెట్టండి. మరక లేని చోట కూడా రెండు మూడు పెట్టండి. చీరను తాడు మీద వేసి నాలుగు బారల దూరం నుంచి చూడండి. సరిపడేదాకా జరపండి. ఒక్కోసారి నాకు దీనికే పూటంతా పడుతుంది, కుట్టడానికి అంత పట్టదు.

మా అమ్మాయి చీరకు ఆ శ్రమ సగం తగ్గింది. మడతల్లోంచి దిగిన మరకలు కదా, ఐదూ అంచుకు ఒకే ఎత్తులో వరసగా ఉన్నాయి. పెద్దదాని మీద విచ్చిన మందారం, తర్వాత సగం విచ్చినవి రెండు, ఆపైన మొగ్గ, చివరి మిరియపు గింజ మీద ఒక్క ఆకు. అదే వరసను పైటకొంగు మీద ఇంకోసారి కుట్టాను. అక్కడ మరక లేదు. కానీ కొంగు మీద కూడా ఉండబట్టే కుచ్చిళ్ల మీద పూలు చీరతో పుట్టినట్టున్నాయి.

పెద్ద పువ్వుకు పెడన కలంకారీ ముక్క వాడాను. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు నా దగ్గర సంచెడు ఉంటాయి. ముక్కను ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే తర్వాత కుంచించుకుపోయి చుట్టూ చీర ముడతలు పడుతుంది. తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డతో అద్ది చూడండి. రంగు అంటితే ఆ ముక్క లేత రంగు చీరకు పనికిరాదు. పువ్వు ఆకారం చుట్టూ పావు అంగుళం వదిలి కత్తిరించి, ఆ అంచు లోపలికి మడిచి సన్నగా హెమ్మింగ్ చేయాలి. పైన ఆరు పోగుల దారంలోంచి రెండే పోగులు తీసి గొలుసు కుట్టు వేశాను. ఆరు పోగులూ ఎక్కిస్తే పల్చటి నూలు మోయలేదు. కుట్టే చోట చీర వెనక పాత పంచె ముక్క ఒకటి పెట్టుకుంటే బట్ట లాగదు.

మగవాళ్ల చొక్కా జేబు దగ్గర సిరా మరకకు పూలు పనికిరావు. ఫుల్ హ్యాండ్స్ చొక్కాను హాఫ్ హ్యాండ్స్ చేసేయండి. తీసిన చేతుల గుడ్డతో మరకను కప్పేంత పెద్ద జేబు వస్తుంది. ఆ గుడ్డ కూడా చొక్కాతోపాటే ఉతుకులు తిన్నది కాబట్టి రంగు తేడా తెలియదు.

పిల్లల గౌన్ల మీద చిన్న చిన్న మచ్చలకు బెండకాయ చాలు. తొడిమ దగ్గర అడ్డంగా కోసి, ఫ్యాబ్రిక్ పెయింట్‌లో పలచగా అద్ది, గౌనంతా చల్లినట్టు ముద్ర వేయండి. ఐదు రేకుల పూలు పడతాయి. రోజంతా ఆరనిచ్చి వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయాలి.

మొత్తం రంగు వేయించడం మాత్రం నేను ఆఖరున చెబుతాను. మరక ఉన్నచోట ఆ రంగు కూడా ముదురుగానే కనబడుతుంది. పైగా నూలు బట్టను పాలిస్టర్ దారంతో కుట్టి ఉంటే, బట్ట రంగు పట్టినా కుట్లు పాత రంగులోనే తేలిపోతాయి.

కుట్టు అయ్యాక మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో, బట్ట తిరగేసి చేయండి. నీడలో ఆరేయండి. మిగిలిన దారం మూరెడు, కలంకారీ ముక్క కాస్త చిన్న కవర్లో వేసి చీర మడతలోనే పెట్టాను. ఒక రేక ఊడినా దసరాకి మా అమ్మాయి వచ్చినప్పుడు అదే దారంతో వేసేయొచ్చు.