వేసవి సెలవుల్లో ఇంటినిండా చుట్టాలు: అందరినీ బాగా చూసుకుంటూ మీరూ హాయిగా ఉండటం ఎలా?

విశాఖపట్నంలో కాపురం ఉన్నవాళ్ళకి ఏప్రిల్ వచ్చిందంటే ఫోన్లు మొదలవుతాయి. "వదినా, పిల్లలు సముద్రం చూస్తామని ఒకటే గోల" అని ఆడపడుచు, "సింహాచలం వెళ్ళి ఎన్నాళ్ళయిందో" అని మేనత్త, "అరకు ఎలాగూ వెళ్తాం, రెండు రోజులు మీ దగ్గరుంటాం" అని పాత స్నేహితులు. బడులు మూసిన దగ్గర్నుంచి జూన్ 12న తెరిచేదాకా ఒక జట్టు వెళ్తుంటే ఇంకో జట్టు దిగుతుంటుంది. ఇలా మనుషులు వచ్చే ఇల్లు ఉండటం అదృష్టమే. కానీ వచ్చినవాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే ఇంటి ఇల్లాలు సెలవులంతా పొయ్యి దగ్గరే నిలబడితే ఆ అదృష్టంలో ఆవిడకి దక్కేదేమీ లేదు. ఆవిడ కూడా అందరితో పాటు కూర్చునేలా ఏర్పాట్లు చేసుకోవడం గురించే ఈ వ్యాసం. ఊరు ఏదైనా పద్ధతి ఒకటే. నాకు తెలిసింది విశాఖ కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే.

1. తేదీలు మార్చిలోనే తేల్చుకోండి

"ఎప్పుడైనా రండి" అనే మాట ఆప్యాయంగానే ఉంటుంది, కానీ దానివల్ల ఒకే వారంలో మూడు కుటుంబాలు దిగుతాయి. గోడ క్యాలెండర్ ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ మీరే ఫోన్ చేయండి. "మే మొదటి వారం అన్నయ్యా వాళ్ళు వస్తున్నారు, మీరు రెండో వారం వస్తే పిల్లలకి గది ఖాళీగా ఉంటుంది" అని చెబితే ఎవరూ తప్పు పట్టరు. ఒక జట్టుకీ ఇంకో జట్టుకీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి.

రైలు టికెట్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే దొరుకుతాయి. 2024 నవంబరు నుంచి ఈ నియమం వచ్చింది, అంతకుముందు 120 రోజులుండేది. అంటే మే రెండో వారానికి రావాలంటే మార్చి రెండో వారంలో బుక్ చేసుకోవాలి. తిరుగు టికెట్టు కూడా అప్పుడే తీసుకోమని గట్టిగా చెప్పండి. అది లేకపోతే తత్కాల్ కోసం ముందురోజు పొద్దున ఏసీకి 10 గంటలకీ, స్లీపర్‌కి 11 గంటలకీ ఇంట్లోవాళ్ళంతా ఫోన్లు పట్టుకుని కూర్చోవాలి.

అమెరికా నుంచి వచ్చేవాళ్ళ లెక్క వేరు. అక్కడ చాలా చోట్ల బడులకి సెలవులు మొదలయ్యేదే మే ఆఖరుకీ జూన్ నడుమకీ మధ్య. వాళ్ళు దిగేసరికి ఇక్కడి పిల్లలకి బడులు తెరుస్తారు, బంగినపల్లి మామిడి కూడా అయిపోవస్తుంది. అన్నదమ్ముల పిల్లలు కలిసి ఆడుకోవాలన్న ఆశ ఉంటే రెండు వైపుల సెలవులూ కలిసే ఆ కొద్ది రోజుల కోసం, వాళ్ళు విమానం టికెట్లు కొనకముందే మాట్లాడుకోవాలి.

2. నీళ్ళ లెక్క కట్టండి

నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలని ప్రభుత్వ నీటి పథకాల్లో లెక్క వేస్తారు. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. ఇంకో ఆరుగురు వస్తే 1350. మీ పైన ఉన్నది వెయ్యి లీటర్ల ట్యాంకయితే మధ్యాహ్నం గిన్నెలు తోమేసరికి ఖాళీ అవుతుంది. రోజుకి రెండుసార్లు మోటారు వేయాలని ముందే అనుకోండి. అపార్టుమెంటులో ఉంటే వాచ్‌మన్‌కీ అసోసియేషన్‌కీ ఒక మాట చెప్పండి. స్నానాలగదిలో రెండు బకెట్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు రోజుకొకటి పడుతుంది, రెండు అదనంగా తెప్పించి పెట్టుకోండి. ఫ్రిజ్‌లో సీసాలు పదిమందికి చాలవు. ఇసకలో కుదురుగా పెట్టిన మట్టికుండ, దానికో తడిగుడ్డ చుట్టి హాల్లో ఒక మూల ఉంచితే పిల్లలు గంటకోసారి ఫ్రిజ్ తలుపు తీయడం మానేస్తారు.

గ్యాసు సిలిండరు మామూలుగా వచ్చే రోజుల్లో సగానికే అయిపోతుంది. రెండోది నిండుగా ఉందో లేదో చూసుకుని మొదటి జట్టు రాకముందే బుక్ చేయండి. ఏసీ 26 మీద పెట్టి ఫ్యాను నెమ్మదిగా వేస్తే గది చల్లగానే ఉంటుంది, బిల్లు పై శ్లాబులోకి ఎగబాకదు. పాత ఇళ్ళలో రెండు ఏసీలు నడుస్తుండగా మోటారు, మిక్సీ ఒకేసారి వేయకండి.

3. పడక

పెద్దవాళ్ళకి మంచమూ, స్నానాలగదికి దగ్గరగా ఉన్న గదీ. ఇది ముందు తేలిపోతే మిగతాదంతా సర్దుకుంటుంది. పిల్లలందరికీ హాల్లో బొంతలు పరిచేయండి, వాళ్ళకి కావలసింది కూడా అదే. దోమతెరలు, అదనంగా నాలుగు దుప్పట్లు, ఒక్కొక్కరికీ ఒక తువ్వాలు. ఫోన్ ఛార్జింగుకి ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టండి. విదేశాల నుంచి వచ్చిన పిల్లలు మొదటి మూడు నాలుగు రోజులు తెల్లవారుజామున మూడింటికే లేచి ఆకలంటారు. అరటిపళ్ళు, బిస్కెట్లు, ఒక గ్లాసు పాలు వాళ్ళ చేతికి అందేలా ఉంచితే తల్లి లేవక్కర్లేదు, మీరూ లేవక్కర్లేదు.

4. వంటిల్లు: ఇక్కడే ఆతిథ్యం నిలుస్తుంది, ఇక్కడే చతికిలబడుతుంది

ఏం వండాలో కంటే ఎంతసేపు పొయ్యి దగ్గర నిలబడాలో చూసుకుని వంట ఎంచుకోండి. పదిమందికి చపాతీలంటే గంటన్నర సెగలో నిలబడాలి. దోసెలూ పెసరట్లూ అంతే, చివరివాళ్ళు తినేసరికి మొదటివాళ్ళకి మళ్ళీ ఆకలేస్తుంది. ఇడ్లీ అయితే ఒక వాయికి ఇరవై దిగుతాయి. ఉప్మా, ఉప్పుడుపిండి, దిబ్బరొట్టి కూడా మంచివే. పెసరట్లు ఆదివారానికి ఉంచి, రెండు పెనాలు పెట్టి ఒకటి మరిదికి అప్పగించండి.

మధ్యాహ్నానికి పెద్దవాళ్ళకి తలకి సుమారు వంద గ్రాముల బియ్యం, అంటే పదిమందికి కిలో. ఒక పప్పు, ఒక కూర, ఒక రోటి పచ్చడి, పెరుగు చాలు. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, మర్నాడు ముక్కల పులుసు, ఆ మర్నాడు పనసపొట్టు ఆవపెట్టిన కూర. రోజుకి నాలుగు కూరలు చేయాలన్న పట్టుదల మొదటి రోజుకి మాత్రం ఉంచుకోండి. చుట్టాలకి మీ చేతి పనసపొట్టు కూర ఏడాదంతా గుర్తుంటుంది, దాని పక్కన ఉన్న మూడో వేపుడు ఎవరికీ గుర్తుండదు.

ఎండాకాలంలో రెండు విషయాలు ఏమరకండి. ఇడ్లీ పిండి ఐదారు గంటలకే పొంగుతుంది. రాత్రి పడుకునే ముందు రుబ్బి, తెల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. తోడు కూడా అంతే, పదకొండింటికి కొంచెం తక్కువ మజ్జిగతో తోడేస్తే పొద్దుటికి కమ్మగా ఉంటుంది. ఇక వండిన కూర గదిలో వేడి 32 డిగ్రీలు దాటినప్పుడు గంటకి మించి బయట ఉండకూడదు. అందరూ తినేశాక "సాయంత్రం చూద్దాంలే" అని బల్ల మీద వదిలేయకుండా, వెంటనే వెడల్పాటి గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. సెలవుల్లో కడుపునొప్పులు, విరోచనాలు చాలావరకు ఇక్కడ మొదలయ్యేవే.

వడ్డన రెండు బంతులుగా పెట్టండి: ముందు పిల్లలూ ముసలివాళ్ళూ, తర్వాత మిగతా అందరూ. రెండో బంతిలో వండిన మనిషి కూడా కూర్చోవాలి. గిన్నెలన్నీ మధ్యలో పెట్టేసుకుని ఎవరికి వారు వడ్డించుకుంటే అది సాధ్యమే.

5. పనులు పేరుపేరునా పంచండి

"ఏమైనా సాయం చేయమంటారా?" అని అడిగితే మన నోటికి వెంటనే "అబ్బే, మీరు కూర్చోండి" అని వస్తుంది. ఆ మాట మింగేయండి. పిన్నికి కూరలు తరగడం, బాబాయికి పొద్దున్నే రైతుబజారు, మేనల్లుడికి మోటారు వేయడం, ఆపడం, పెద్ద పిల్లలకి మంచినీళ్ళ సీసాలు నింపడం. పని చేతిలో ఉన్న చుట్టం రెండో రోజుకే ఇంటి మనిషి అయిపోతాడు. పనిమనిషికి అదనపు గిన్నెలకి అదనపు డబ్బు ముందే మాట్లాడి ఇవ్వండి, వారానికోసారి సెలవు కూడా.

ఈ పంపకానికి ఆవకాయ పెట్టే రోజుని మించినది లేదు. చుట్టాలున్నప్పుడే పెట్టండి. కాయలు కడిగి, తుడిచి, బజార్లోనే కత్తిపీట మీద టెంకతో సహా కొట్టించి తెస్తారు. హాల్లో పాత చీర పరిచి ముక్కలు కుప్పపోస్తే పిల్లలంతా చుట్టూ చేరతారు. ఒక్కో ముక్కలోంచి జీడి తీసేయాలి, టెంకకి అంటుకున్న పల్చటి పొర గోటితో లాగాలి, పొడిగుడ్డతో తుడవాలి. ఏడేళ్ళ పిల్లకి కూడా వచ్చే పని ఇది. తడి చేయి తగలకూడదని అత్తయ్య అరుస్తూ ఉంటుంది. ఆవపిండి, కారం, ఉప్పు కలిపేది ఆవిడే, కొలతల దగ్గర ఇంకెవరినీ రానివ్వకండి. నువ్వులనూనె పోసి జాడీలోకి ఎత్తి, మూడో రోజు తిరగగలిపినప్పుడు వేడన్నంలో మొదటి ముద్ద ఆ పిల్లల చేతుల్లో పెట్టాలి. కాబట్టి వాళ్ళు బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు పెట్టుకోండి.

6. తిరగడం ఒక రోజు, విశ్రాంతి ఒక రోజు

రోజూ బయటికి తీసుకెళ్ళక్కర్లేదు. పదకొండు నుంచి నాలుగు వరకు ఇంట్లోనే ఉండాలని నియమం పెట్టుకోండి. తాటిముంజెలు, కుంచెడు మజ్జిగ, చీట్లపేక, నిద్ర. సముద్రానికి తెల్లవారుజామున ఐదింటికి వెళ్తే సూర్యోదయమూ దొరుకుతుంది, ఇసక కాలు కాల్చదు. అయితే ఆర్కే బీచ్‌లో ఈతకి దిగనివ్వకండి. అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళకింద ఇసకని లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్ళూ అక్కడ మునిగారు. మోకాళ్ళ లోతు దాటకూడదు, పెద్దవాళ్ళలో ఒకరు పిల్లల్నే చూస్తూ నిలబడాలి, ఫోన్ జేబులో పెట్టి. 2001లో నౌకాదళం సేవల నుంచి తప్పించిన కురుసుర జలాంతర్గామి ఆ రోడ్డు మీదే ఉంది, లోపల నడవా ఇరుకు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని బయట కూర్చోబెట్టండి. జూకి సోమవారం సెలవు.

సింహాచలంలో అక్షయ తృతీయనాడు చందనోత్సవం. స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే కాబట్టి జనం కిక్కిరిసి ఉంటారు. ముసలివాళ్ళకి ఆ రోజే కావాలంటే టికెట్టు, మంచినీళ్ళు, ఒక కుర్రాడి తోడు ముందే ఏర్పాటు చేయండి. లేకపోతే మామూలు వారంలో పొద్దున్నే తీసుకెళ్తే మనసారా చూస్తారు.

అరకుకి కారులో అనంతగిరి ఘాట్ ఎక్కితే పిల్లలకి వాంతులవుతాయి. పొద్దున బయల్దేరే కిరండూల్ రైలెక్కండి, యాభైకి పైగా సొరంగాలు దాటుతుంది, ప్రతి సొరంగంలోనూ పిల్లలు అరిచే అరుపులు వినాలి. అద్దాల విస్టాడోమ్ పెట్టె కావాలంటే దానికీ 60 రోజుల ముందే చూసుకోవాలి. బొర్రా గుహల్లో మెట్లు జారుడు, చెప్పులు కాకుండా బూట్లు వేయించండి.

ఇంట్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు పది ఉంచండి. అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. ఎండలో తిరిగొచ్చినవాళ్ళు ఒళ్ళు కాలిపోతూ తడబడి మాట్లాడుతుంటే చిట్కాలు వద్దు, తడిబట్టలు కప్పి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

7. పంపేటప్పుడు

ఆడవాళ్ళకి బొట్టుపెట్టి జాకెట్టుగుడ్డ, పళ్ళు. పిల్లల చేతిలో పదో పరకో. రైలుకి పులిహోర మంచిది, పెరుగన్నం కలిపేటప్పుడు పాలు ఎక్కువ పోస్తే రాత్రికి పులవదు. ఆవకాయ సీసా మూతకింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, రెండు కవర్లలో కట్టండి. విమానమైతే చేతిసంచిలో పెట్టనివ్వరు, చెక్-ఇన్ సామానులో బట్టల మధ్య సర్దాలి.

వాళ్ళని బండెక్కించి వచ్చాక ఆ పూట వంట పెట్టుకోకండి. దుప్పట్లు నానబెట్టి, గ్యాసు బుక్ చేసి, ఫ్రిజ్‌లో ఉన్నది తిని పడుకోండి. తర్వాతి జట్టు వచ్చేది ఎల్లుండి.