వీపీఎన్ కనెక్ట్ కాకపోతే ముందు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేయండి

పదింటికి మీటింగ్, తొమ్మిదీ యాభై అయినా వీపీఎన్ (ఇంటి నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వెళ్లే దారి) దగ్గర ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో ఈ టెన్షన్ పడనివాళ్లు ఉండరు. ఆ కంగారులో చాలామంది వీపీఎన్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకుంటారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. దాంతోపాటు ఆఫీసు వాళ్లు పెట్టిన సెట్టింగులు, సర్టిఫికెట్లు (కంప్యూటర్‌ను గుర్తుపట్టే ఫైళ్లు) కూడా పోవచ్చు, అవి మళ్లీ ఐటీ వాళ్లే ఇవ్వాలి, ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది. అసలు ఎక్కడ ఆగిందో ముందు తెలుసుకోవాలి.

వీపీఎన్ ఆపేసి, ఈమధ్య చూడని వెబ్‌సైట్ ఏదైనా తెరవండి. తెరుచుకుంటే నెట్ ఉన్నట్టే. ఇప్పుడు ఇంటి వైఫై వదిలేసి, ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, కంప్యూటర్‌ను దానికి కలిపి వీపీఎన్ నొక్కండి (వైఫై లేని డెస్క్‌టాప్ అయితే యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్ కలిపి టెథరింగ్ పెట్టుకోవచ్చు). రెండు నిమిషాల పని. హాట్‌స్పాట్ మీద వచ్చిందంటే లోపం మీ ఇంటి రౌటర్‌లోనో, నెట్ కనెక్షన్‌లోనో ఉంది. దాని మీద కూడా రాలేదంటే చాలావరకు కంప్యూటర్‌లోనో, మీ అకౌంట్‌లోనో, ఆఫీసు వైపో చూసుకోవాలి. సగం వెతుకులాట ఇక్కడే తగ్గిపోతుంది.

రెండింటి మీదా రాకపోతే స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ నంబర్ చదవండి. విండోస్‌లోనే ఉండే వీపీఎన్ వాడేవాళ్లకు 691 వస్తే దాదాపుగా యూజర్ పేరో పాస్‌వర్డో ఒప్పుకోలేదని, 868 అంటే సర్వర్ పేరుకు అడ్రస్ దొరకలేదని, 809 అంటే సర్వర్ నుంచి జవాబు రాలేదని. ఈ 809 ఇంటి వైఫై మీదే వచ్చి హాట్‌స్పాట్ మీద రాకపోతే మాత్రం రౌటర్‌లో ఫైర్‌వాల్ సెట్టింగులు చూడండి. ఐపీసెక్ అనే రకం వీపీఎన్‌లకు యూడీపీ 500, 4500 పోర్టుల (డేటా వెళ్లే ద్వారాల నంబర్లు) మీదుగా బయటికి పోనివ్వాలి. పాస్‌వర్డ్ గడువు తీరిందేమో, అకౌంట్ లాక్ అయిందేమో ఐటీ వాళ్లను అడగండి. టైమ్ కూడా చూడండి. ఫోన్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే కోడ్ ఫోన్ గడియారాన్ని బట్టే తయారవుతుంది, ఆ గడియారం తప్పితే సరైన కోడ్ కొట్టినా ఒప్పుకోదు. కంప్యూటర్‌లో తేదీ తప్పుగా ఉంటే సర్టిఫికెట్ చెల్లదంటుంది.

నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఆగిపోతే రాత్రి ఏమైనా అప్‌డేట్ పడిందేమో చూడండి. 2022 జనవరిలో వచ్చిన విండోస్ అప్‌డేట్‌తో ఎల్2టీపీ అనే రకం వీపీఎన్‌లు కొన్ని ఆగిపోతే, మైక్రోసాఫ్ట్ అదే నెల 17న విడిగా ఇంకో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

కనెక్ట్ అయ్యాక కూడా పని జరగకపోవడం అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెడుతుంది. నేను ఒకసారి కాకినాడలో అమ్మవాళ్లింటి నుంచి పని చేయాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో చక్కగా పనిచేసిన అదే ల్యాప్‌టాప్. కనెక్టెడ్ అని పచ్చగా చూపిస్తోంది, మెయిల్ వస్తోంది, ఆఫీసు షేర్డ్ ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే ల్యాప్‌టాప్ అడ్రస్ 192.168.1.6 అని ఉంది. ఆఫీసులో ఆ ఫైల్ సర్వర్ అడ్రస్ 192.168.1.20. రెండింటిలో మొదటి మూడు ముక్కలూ (192.168.1) ఒకటే. రెండు ఊళ్లలో ఒకే పేరున్న వీధి ఉంటే పోస్టుమన్ తన ఊళ్లోని వీధిలోనే ఇల్లు వెతికినట్టు, ల్యాప్‌టాప్ ఆ సర్వర్ ఇంట్లోనే ఉందనుకుని ఇక్కడే వెతుకుతోంది, వీపీఎన్ దాకా పోవడమే లేదు. రౌటర్ పేజీలోకి వెళ్లి ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్‌లో 192.168.1.1ని 192.168.77.1గా మార్చి సేవ్ చేశాను, రౌటర్ ఆగి మళ్లీ లేచింది, ఫోల్డర్ తెరుచుకుంది. ఇలా మారిస్తే ఇకపై రౌటర్ పేజీ కొత్త అడ్రస్‌లోనే వస్తుంది కాబట్టి దాన్ని ఒక చీటీ మీద రాసి రౌటర్ కింద అంటించండి, ఇంట్లో మిగతావాళ్లకూ పనికొస్తుంది.

పేరుతో తెరుచుకోని సర్వర్ అడ్రస్ నంబర్లతో తెరుచుకుంటే అది డీఎన్ఎస్ (పేరుకు అడ్రస్ వెతికిపెట్టే ఏర్పాటు) గొడవ. వీపీఎన్ తెంచి మళ్లీ కలపండి, తగ్గకపోతే ఐటీ వాళ్లకు ఆ మాటే చెప్పండి. చిన్న పేజీలు వచ్చి, పెద్ద ఫైలు కాపీ పెట్టగానే బిగుసుకుపోతుంటే ఎంటీయూ (ఒక్కో డేటా ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దు) మీద అనుమానపడాలి. మామూలుగా ప్యాకెట్ సైజు 1500 బైట్లు, పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే రకం) కనెక్షన్‌లో 1492 మిగులుతాయి, వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కూ పైన తన కవరు ఒకటి చుడుతుంది కాబట్టి ఇంకా తగ్గుతుంది. 1400కో ఇంకా కిందికో తగ్గించి చూడమని ఐటీ వాళ్లను అడగండి.

మధ్యమధ్యలో తెగిపోతుంటే మొదట వైఫై బదులు ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి. కరెంటు పోయినప్పుడల్లా తెగుతుంటే, రౌటర్ ఇన్వర్టర్ మీదే ఉన్నా ఫైబర్ డబ్బా మామూలు ప్లగ్‌లో ఉండిపోయిందేమో, అదీ చూడండి. వేరే ఫ్రీ వీపీఎన్ యాప్ ఏదైనా ఉంటే ఆపేయండి. విసుగొచ్చి యాంటీవైరస్ తీసేయకండి. హెల్ప్‌డెస్క్ నుంచి అంటూ ఎవరు ఫోన్ చేసి అడిగినా ఓటీపీ చెప్పకండి.

ఇవన్నీ అయ్యాక హెల్ప్‌డెస్క్‌కు రాసేటప్పుడు "వీపీఎన్ రావట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు మళ్లీ మొదటి నుంచీ అడుగుతారు, సాయంత్రం అవుతుంది. ఇలా రాయండి: "ఉదయం 9:50 నుంచి ఇంటి వైఫై మీద ఎర్రర్ 809 వస్తోంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద కనెక్ట్ అవుతోంది, ఇంట్లో ల్యాప్‌టాప్ అడ్రస్ 192.168.1.6, నిన్న రాత్రి దాకా బాగానే ఉంది, స్క్రీన్ ఫొటో జత చేశాను."