సగం జీతం పుస్తకంలో, సగం కవరులో: లెక్క తేల్చుకోవడం ఎలా

పలాస జీడి షెడ్డులోనో, పైడిభీమవరంలో కాంట్రాక్టరు కిందో నెలకు 14,000 వస్తోందనుకుందాం. యజమాని లెక్కల పుస్తకంలో చూపేది 8,000, మిగతా 6,000 చేతికి నగదు. పీఎఫ్ తక్కువ కోస్తున్నారు, మంచిదేగా అనిపిస్తుంది. కాదు. ఆ 6,000 మీద యజమాని కట్టాల్సిన 12 శాతం, అంటే నెలకు 720, మీకు రాకుండా పోతోంది. పదిహేనేళ్ల సర్వీసుకు పెన్షను 8,000 మీద 1,714 వస్తుంది, 14,000 మీదైతే 3,000 (జీతం × ఏళ్లు ÷ 70). ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా)లో జబ్బు సెలవు డబ్బు కూడా చూపిన జీతంలో 70 శాతమే.

ముందు స్లిప్పు చూడండి. పీఎఫ్ కోతను 12తో భాగించి 100తో హెచ్చిస్తే చూపిన జీతం తేలుతుంది: 960 కోస్తే 8,000. ఈఎస్ఐ కోత 0.75 శాతం, కాబట్టి 60 కోసినా అదే 8,000. 1,800 కోత కనిపిస్తే తొందరపడకండి, జీతం ఎక్కువైనా 15,000 పరిమితి మీద కట్టడం చట్టబద్ధమే. మిగతా సొమ్ము అలవెన్సులుగా స్లిప్పులో ఉంటే అది వేరే సంగతి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. స్లిప్పులో ఎక్కడా లేని నగదే అసలు తేడా.

స్లిప్పులో కోసినంత మాత్రాన కట్టినట్టు కాదు. జనవరి జీతం తాలూకు సొమ్ము ఫిబ్రవరి 15 లోపు జమ కావాలి. మీ పీఎఫ్ సభ్యత్వ సంఖ్య అయిన యూఏఎన్‌కు కలిపిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ, నిల్వ తెలుస్తాయి. నెలనెలా చూడాలంటే ప్రభుత్వ యాప్ ఉమాంగ్‌లో పాస్‌బుక్ తెరవండి. అందులో చూపిన జీతం కూడా ఉంటుంది.

రికార్డుల్లో మీరు చేరిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూడటం మాత్రం మానకండి. ప్రమాదం జరిగాక, ఆ రోజే చేరినట్టు రాసే వాళ్లుంటారు. సోషలిజం పోయాక లాత్వియా, బల్గేరియా వంటి దేశాల్లోనూ ఇలాంటి కవరు జీతాలు పాతుకుపోయాయి. బల్గేరియా 2003లో రంగాన్నీ ఉద్యోగాన్నీ బట్టి కనీసం ఎంత జీతం మీద సామాజిక బీమా చందా కట్టాలో పరిమితులు పెట్టింది. ఎస్టోనియా 2014 జూలై నుంచి మనిషి పనిలో దిగకముందే పన్నుశాఖ రిజిస్టరులో పేరెక్కించాలంది. మన దగ్గర ఆ కాపలా చాలావరకు పనిచేసేవాళ్లే కాయాలి.

రుజువులు ఇప్పటి నుంచే పోగేయండి. గేటు పాసు, కిలోల చీటీలు, మేస్త్రీ వాట్సాప్ మెసేజీలు, ఏ తేదీన ఎంత నగదు అందిందో రాసిన నోటుబుక్కు. నగదుకు రశీదు ఉండదు కాబట్టి రోజువారీ రాతకే బలం. కిలోల లెక్కన కూలి తీసుకున్నా అది వేతనమే. ఒకే షెడ్డును రెండు పేర్లతో నడిపి ఇరవైమంది లోపే ఉన్నారు, పీఎఫ్ వర్తించదు అని చెప్పినా, అసలు సంస్థ ఒకటే అయితే అందర్నీ కలిపే లెక్కిస్తారు. “నువ్వే వద్దన్నావు కదా” అనే మాటా చెల్లదు. పీఎఫ్ చందా వద్దని రాసిచ్చినా యజమాని బాధ్యత పోదు.

ఫిర్యాదు పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ గ్రీవెన్స్ పోర్టల్లో పెట్టవచ్చు. యూఏఎన్ లేకపోయినా కుదురుతుంది. “మోసం చేశారు” అని కాక సంస్థ పేరు, చిరునామా, ఏయే నెలలు, అందిందెంత, చూపిందెంత అని రాయండి. ఫిర్యాదు రిజిస్ట్రేషన్ నంబరు దాచుకోండి. ఒంటరిగా కన్నా నలుగురు కలిసి పెట్టడం మేలు. ప్రతి నెల 27న జిల్లాల్లో జరిగే “నిధి ఆప్కే నికట్” శిబిరానికీ వెళ్లొచ్చు, సెలవైతే తర్వాతి పనిదినాన. ఆధార్, పాస్‌బుక్ ప్రింటు, నోటుబుక్కు జిరాక్సులు రెండేసి పట్టుకెళ్లండి. ఒక జత మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.