షుగర్ ఉన్నవాళ్ళ కార్తీక సోమవారాలు: ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

కార్తీకం దగ్గర పడుతోందంటే చాలా ఇళ్ళలో ఒకటే వాదన. "ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఇప్పుడెలా మానను?" అని షుగర్ ఉన్న అమ్మ, "నీకెందుకమ్మా ఉపవాసాలు" అని పిల్లలు. ఆవిడ పొద్దున వేసుకునే మాత్ర ఏదో మాత్రం ఎవరూ అడగరు. ముందు చూడాల్సింది అదే.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి మనం తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్ పెంచుతాయి. పొద్దున అది వేసుకుని చుక్క కనపడేదాకా ఏమీ తినకపోతే సాయంత్రంలోపే షుగర్ పడిపోవచ్చు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకూ ఇదే భయం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ ముప్పు చాలా తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం జోలికి అసలు పోకూడదు. ఒంట్లో నీరు తగ్గిపోయి కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది. నెల మొదలవకముందే మందుల చీటీ పట్టుకుని డాక్టర్‌ని కలవండి. సొంతంగా మాత్ర మానేయడం, రెండు పూటల మాత్రలూ రాత్రి ఒకేసారి మింగడం, రెండూ తప్పే.

టైప్-1 ఉన్నవాళ్ళు, గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, ఈమధ్య షుగర్ డౌనై కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు ఉపవాసం ఉండకపోవడమే మంచిది. అలాగని వ్రతం పోయినట్టేం కాదు. సోమవార వ్రతాన్ని ఉపవాసం, ఏకభుక్తం (ఒక్క పూటే భోజనం), నక్తం (పగలు ఉండి రాత్రి తినడం), అయాచితం (అడగకుండా ఎవరైనా పెడితేనే తినడం), స్నానం, తిలాదానం (నువ్వుల దానం) అని ఆరు రకాలుగా చెప్పారు. శక్తి లేనివాళ్ళు స్నానం, జపం చేసుకున్నా చాలట. పెద్దవాళ్ళకు మనం చెప్పే గ్లూకోజ్ లెక్కల కంటే ఈ మాటే త్వరగా ఎక్కుతుంది.

డాక్టర్ సరేనంటే, ఉపవాసం రోజు గ్లూకోమీటర్ చేతికి అందేలా ఉంచుకోండి. వేలు గుచ్చి చూసుకుంటే వ్రతభంగం కాదు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం అక్కడితో ఆపేయాలి. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఊరికే చిరాకు కనిపిస్తే "ఆకలికి నీరసం" అని సరిపెట్టుకోవద్దు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

చుక్క చూశాక ఇంకో తంటా. పగలంతా కడుపు మాడ్చుకుని, ఒక్కసారిగా చలిమిడి, పులిహోర, అరటిపండ్లు, పరమాన్నం! బెల్లమైనా షుగర్ పెంచేదే. సగ్గుబియ్యం ఉపవాసం తిండే కానీ అది దాదాపు అంతా పిండిపదార్థం. ముందు నీళ్ళు, తర్వాత బీరకాయో సొరకాయో కూర, చిక్కగా పప్పు, కాస్త పెరుగు. అన్నం చివర్లో, కొంచెమే. చలిమిడి ప్రసాదంగా గోలీ అంత చాలు. చిలగడదుంప తింటే ఆ పూట అన్నం అంత మేర తగ్గించుకోవాలి.

వనభోజనాల్లో బూరెలు, బొబ్బట్లలో ఒక్కటే ఎంచుకోండి, అదీ సగం.

పాదాలు తిమ్మిరెక్కేవాళ్ళకు ఇంకో మాట. గుడి చుట్టూ చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేస్తే రాయి గుచ్చుకున్నా తెలియదు. ఇంటికి రాగానే అరికాళ్ళు కడిగి, దీపం దగ్గర కాదు, ట్యూబ్‌లైట్ కింద చూసుకోండి.