హైదరాబాద్‌కు మారే ముందు మూడు రోజుల్లో ఏం చూడాలి

ఊరు చూడ్డానికి ఆదివారం వెళ్లకండి. సెలవు రోజు ఖాళీగా కనిపించిన రోడ్డే సోమవారం గంటన్నర తినేస్తుంది. గురువారం దిగి శనివారం దాకా ఉండండి.

ఆఫీసు రాయదుర్గం వైపైతే, అద్దెకు అనుకుంటున్న చోటు నుంచే ఉదయం 9కి బయల్దేరి, సాయంత్రం 6కి తిరిగి రండి. మియాపూర్ నుంచి మెట్రోలో వెళ్తే అమీర్‌పేటలో రైలు మారాలి. ఆ మెట్లు, ఆ జనం, స్టేషన్ నుంచి ఇంటిదాకా నడక కూడా లెక్కేసుకోండి.

ఇంట్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది నీళ్లు. మంజీరా నీళ్లా (అంటే వాటర్ బోర్డు కుళాయి నీళ్లు), బోరా, ట్యాంకరా? ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి: "మే నెలలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారన్నా? ఆ డబ్బులు మెయింటెనెన్సులోనేనా, విడిగానా?" బాత్రూమ్ కుళాయి మూతి దగ్గరగా చూడండి. తెల్లగా పెచ్చు కట్టిందంటే ఉప్పు నీళ్లే (హార్డ్ వాటర్). గీజరు, వాషింగ్ మెషీన్ త్వరగా పాడవుతాయి.

బెడ్‌రూమ్‌లో తలుపులేసి ఒక ఫోన్ కాల్ చేసి చూడండి. రాత్రి 9 దాటాక అదే వీధికి మళ్లీ వెళ్లండి. వీధిదీపాలు, కుక్కలు, ఫంక్షన్ హాలు మోత అప్పుడే తెలుస్తాయి.

అడ్వాన్సు మామూలుగా రెండు నెలల అద్దె అడుగుతారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఎంత కోస్తారో అగ్రిమెంటులో రాయించాకే టోకెన్ ఇవ్వండి.